రెండంతస్తుల నమూనా రైలుమార్గం: ఎత్తులతో మొదలుపెట్టిన పని

ఈ పని మొదలైనప్పటి నుంచి నా నోటు పుస్తకంలో పట్టాల బొమ్మలకన్నా అంకెలే ఎక్కువ. ఒకే అంతస్తు అయితే ముందు ఊళ్ళు, వంతెనలు, స్టేషన్లు గీసుకుని ఎత్తు సంగతి బల్ల కట్టేటప్పుడు చూసుకోవచ్చు. రెండంతస్తులకు అది కుదరదు. కింది పట్టా నేల నుంచి ఎంత ఎత్తు, పై పట్టా ఎంత ఎత్తు అన్నవి తేలితే గానీ బండి పైకి ఎంత దూరం ఎక్కాలో తెలియదు. అది తెలిస్తే గానీ ఇంజన్ ఎన్ని వ్యాగన్లు లాగుతుందో తెలియదు. అది తెలిస్తే గానీ స్టేషన్ ఎంత పొడవుండాలో తెలియదు. అందుకే ఈ డైరీ ఎత్తుల దగ్గర మొదలవుతోంది.

ముందు తేల్చుకున్నవి

స్కేలు హెచ్‌ఓ. అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఇదే గదిలో ఎన్ స్కేలు (1:160, గేజి 9 మి.మీ.) పెట్టుకుంటే వంపులు దాదాపు సగానికి తగ్గేవి, పైకెక్కే దారి ఓ మూలన ఒదిగిపోయేది. అయినా చక్రాలూ కప్లింగులూ వేళ్ళతో పట్టుకుని బాగుచేసుకునే పరిమాణం నాకు ముఖ్యం. బళ్ళను దగ్గరగా నిలబడి చూడాలనే కడుతున్నాను కాబట్టి హెచ్‌ఓనే ఉంచాను.

గది 4.2 మీటర్లు, 3.4 మీటర్లు. నాలుగు గోడల వెంట అల్మారాల్లాగా డెక్‌లు, మధ్యలో మనుషులు తిరిగే చోటు. దక్షిణపు గోడకు పడమటి చివర తలుపు. ఈశాన్యం మూల హెలిక్స్‌కు, అంటే బళ్ళు గుండ్రంగా తిరుగుతూ ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు ఎక్కే దారికి కేటాయించాను.

బండి పొడవు కూడా అప్పుడే తేల్చేశాను: ఒక ఇంజన్, 15 సెం.మీ. వ్యాగన్లు పన్నెండు, చివర బ్రేక్ వ్యాన్. మొత్తం 2.1 మీటర్ల పైచిలుకు. దాన్నిబట్టి స్టేషన్లలో లూప్ లైన్లు (ఒక బండి ఆగితే ఇంకోటి దాటిపోయే పక్క లైన్లు) 2.4 మీటర్లు, బళ్ళు దాచే స్టేజింగ్ యార్డులో లైన్లు 2.5 మీటర్లు. ఈ ఒక్క నిర్ణయంతో ప్లానులో సగం ఖాయమైంది. 2.4 మీటర్ల లూపు పట్టని చోట స్టేషన్ లేదు, అంతే. దాంతో ముందు అనుకున్న ఊళ్ళలో రెండు పోయాయి. ఉన్నవాటి చుట్టూ పొలాలకూ కొండలకూ చోటు మిగిలింది.

అట్టలతో ఎత్తుల పరీక్ష

కంప్యూటర్లో ఎంత బాగా గీసినా, పై డెక్ మన ముఖానికి ఎదురుగా ఎలా ఉంటుందో తెర మీద తెలియదు. గోడకు మేకులు కొట్టి, తాళ్ళు కట్టి, పాత అట్టపెట్టెల ముక్కలను డెక్‌లుగా వేలాడదీశాను. వాటి మీద ఒక ఇంజన్, రెండు వ్యాగన్లు పెట్టి కొన్నాళ్ళు అలాగే ఉంచాను. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళనూ దాని ముందు నిలబెట్టి ఏం కనిపిస్తోందని అడిగాను.

కింది పట్టా 100 సెం.మీ., పై పట్టా 145 సెం.మీ. దగ్గర స్థిరపడ్డాయి. ఇవి గాల్లోంచి తీసిన అంకెలు కావు. నా కంటి ఎత్తు 154 సెం.మీ. పై డెక్ దానికి 9 సెం.మీ. కింద ఉంటే బండిని పక్కనుంచి చూస్తున్నట్టే ఉంటుంది, అయినా రెండో లైను కనబడుతుంది. కంటి ఎత్తు దాటితే ముందు లైను వ్యాగన్లు వెనక ఉన్నదాన్నంతా కప్పేస్తాయి.

డెక్ వెడల్పు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంది. కింది డెక్ 60 సెం.మీ. లోతు. పైదాన్నీ 60 చేస్తే, అంచుకు 60 సెం.మీ. దూరంలో నిలబడ్డ మనిషికి కింది డెక్ వెనక గోడ సుమారు 24 సెం.మీ. మేరకే కనిపిస్తుంది, మిగతాది పై డెక్ అంచు కప్పేస్తుంది. పై డెక్‌ను 40 సెం.మీ.కు కుదిస్తే అదే గోడ 31 సెం.మీ. దాకా కనిపిస్తుంది. ఆ 7 సెం.మీ.ల్లో ఆకాశమూ దూరపు కొండలూ పడతాయి. పై డెక్‌లో చోటు తగ్గినా ఈ బేరం నాకు నచ్చింది. పైగా 145 సెం.మీ. ఎత్తులో 40 సెం.మీ. దాటితే చెయ్యి అందదు. పట్టాలు తప్పిన వ్యాగన్‌ను ఎత్తాలన్నా, పాయింట్లు (బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట్లు) శుభ్రం చేయాలన్నా ముందున్న చెట్లూ ఇళ్ళూ దాటుకుని చెయ్యి చాపాలి.

మా మేనకోడలికి పదేళ్ళు. అట్టల ముందు నిలబడి, "మావయ్యా, పై ఊరు నాకు కనబడట్లేదు. దాని అడుగు భాగమే కనబడుతోంది" అంది. తను చెప్పింది నిజమే. అందుకని కింది డెక్ అడుగున పొడవునా ఒక మెట్టు పీట వస్తోంది. వాడనప్పుడు లోపలికి తోసేయొచ్చు. అడుగు భాగం కనిపిస్తుందంది కాబట్టి పై డెక్ కిందివైపు కూడా పలక వేసి తెల్లరంగు వేస్తాను. లైట్ల వెలుగు దాని మీద పడి కిందికి పరుచుకుంటుంది కూడా.

పైకెక్కే లెక్క

ఇది ఈ ప్రాజెక్టుకు గుండెకాయ. ఇక్కడ ఎంత సమయం పెట్టినా దండగ కాదని నా నమ్మకం.

హెలిక్స్ వ్యాసార్ధం 75 సెం.మీ. ఒక చుట్టు పొడవు 4.71 మీటర్లు. ఒక చుట్టుకు 9.5 సెం.మీ. ఎక్కితే వాలు 2 శాతం. చుట్టుకు చుట్టుకూ మధ్య 95 మి.మీ. ఉన్నా బండికి దక్కేది అంత కాదు. ప్లైవుడ్ 9, కార్కు 3, స్లీపర్లతో కలిపి పట్టా సుమారు 5 మి.మీ. పోగా మిగిలేది 78. కంటైనర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించిన వ్యాగన్ అసలు ఎత్తు 6.15 మీటర్ల దాకా ఉంటుంది. హెచ్‌ఓలో అది 71 మి.మీ. అంటే నెత్తిమీద మిగిలేది 7 మి.మీ. ఈ 7 మి.మీ.లే తర్వాత కట్టే పద్ధతిని నిర్ణయించాయి.

వాలు 2 శాతమే అయినా ఇంజన్‌కు అంతకన్నా బరువుగా తోస్తుంది, ఎందుకంటే వంపులో చక్రాల అంచులు పట్టాను రాసుకుంటాయి. నమూనా రైళ్ళవాళ్ళు చాలాకాలంగా వాడే ఉజ్జాయింపు ఒకటుంది: 32ను అంగుళాల్లో ఉన్న వ్యాసార్ధంతో భాగిస్తే వంపు వల్ల కలిసే అదనపు వాలు శాతంలో వస్తుంది. సెంటీమీటర్లలో అయితే 32 బదులు 81 వేసుకోవాలి. నా 75కి అది 1.1 శాతం. కాబట్టి నా ఇంజన్ ఎక్కేది నిజానికి 3.1 శాతం కొండ.

వంపు మరీ బిగుతైందా అనే సందేహం వచ్చినప్పుడు అసలు రైలుమార్గాల కొలతలు చూసుకున్నాను. స్విట్జర్లాండ్‌లో బెర్నినా మార్గం మీద బ్రూజియో వలయ వంతెన ఉంది, 1908లో తెరిచారు. తొమ్మిది తోరణాల రాతి వంతెన మీద బండి గుండ్రంగా తిరిగి తన దారి కిందనుంచే దూరి వెళ్తుంది. వంపు వ్యాసార్ధం 70 మీటర్లు, వాలు 7 శాతం. 70 మీటర్లను 87తో భాగిస్తే 80 సెం.మీ.! నా హెలిక్స్‌కన్నా 5 సెం.మీ. మాత్రమే ఎక్కువ. అది మీటర్ గేజి మార్గం, పొట్టి బోగీలు నడుస్తాయి, అది వేరే సంగతి. దానికి భిన్నంగా, 1876లో పూర్తయిన కాలిఫోర్నియాలోని టెహాచపి లూపు వాలు 2 శాతమే, నా వాలే. అయితే ఆ వలయం పొడవు 3,779 అడుగులు. పూర్తి వృత్తం అనుకుంటే వ్యాసార్ధం హెచ్‌ఓలో 2.1 మీటర్లు వస్తుంది. ఆ ఒక్క చుట్టు వేస్తేనే నా గది నిండిపోతుంది. పొడవైన గూడ్సు బళ్ళు నడిచే అసలు కొండమార్గాన్ని యథాతథంగా దించడం ఏ గదిలోనూ కుదిరే పని కాదు. ఆ కొండమార్గపు స్వభావాన్ని తెచ్చుకుంటే చాలు.

45 సెం.మీ. మొత్తాన్నీ హెలిక్స్‌లోనే ఎక్కించాలంటే దాదాపు అయిదు చుట్లు కావాలి. అన్ని చుట్లలో బండి కనబడకుండా తిరగడం నాకు ఇష్టం లేదు. అందుకని డెక్‌ల మీద కూడా పట్టా కొంత ఎక్కేలా చేశాను. కింది డెక్‌లో మొదటి 5 మీటర్లు 100 సెం.మీ. ఎత్తులో సమతలం, మిగతా సగం 1.4 శాతం వాలుతో 107 దాకా ఎక్కుతుంది. అక్కడ ఉత్తరపు గోడ వైపు నుంచి హెలిక్స్‌లోకి దూరి, మూడుంపావు చుట్లు తిరిగి, తూర్పు గోడ వైపు 138 దగ్గర బయటపడుతుంది. అక్కడి నుంచి పై డెక్ మీద 5 మీటర్లలో 145కు చేరుతుంది. కళ్ళెదుట కొండ ఎక్కుతున్న బండిని చూసే భాగ్యం రెండు డెక్‌ల మీదా దక్కింది. రెండు డెక్‌ల మధ్య ఎడం అన్నిచోట్లా ఒకేలా లేకుండా 38 నుంచి 45 సెం.మీ. మధ్య మారుతూ పోతుంది, అదీ కంటికి బాగుంది.

స్టేజింగ్ యార్డు కింది డెక్‌కు ఇంకా దిగువన, 78.6 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. అదీ ఇదే హెలిక్స్ స్తంభంలో రెండుంపావు చుట్లు తిరిగి 100కు ఎక్కుతుంది. లెక్క వేసి చూస్తే ఒక చక్కటి పొంతన కుదిరింది. ఉత్తరపు బిందువు దగ్గర చుట్ల ఎత్తులు 78.6, 88.1, 97.6, 107.1. తూర్పు బిందువు దగ్గర 81, 90.5, 100, 109.5, 119, 128.5, 138. అంటే స్టేజింగ్ నుంచి పై డెక్ దాకా ఒకే సర్పిలం. మధ్యలో 100 నుంచి 107 దాకా ముప్పావు చుట్టు మాత్రం వెయ్యను. ఆ ఖాళీలోంచి చెయ్యి లోపలికి పోతుంది. వేరువేరుగా రెండు హెలిక్స్‌లు కట్టే పని తప్పింది.

ఇంకో లాభం కూడా ఉంది. బండి ఏ అంతస్తులో ఉన్నా గదిని గడియారం ముల్లు దిశలోనే చుడుతూ పైకెళ్తుంది. మధ్యలో నిలబడి ఏ గోడకు తిరిగినా పైకెళ్ళే బండి ఎడమ నుంచి కుడికే కదులుతుంది. కొత్తగా వచ్చి బండి నడిపేవాళ్ళకు దారి చెప్పాల్సిన పనే ఉండదు.

చట్రం

గోడకు నిలువు చెక్కలు, వాటికి ఉక్కు బ్రాకెట్లు, వాటి మీద ప్లైవుడ్. ఇందులో విశేషమేమీ లేదు గానీ పై డెక్ మందం విషయంలో మాత్రం పట్టుబట్టాను. లైట్లతో కలిపి 6 సెం.మీ. దాటకూడదు. ఆ పైన పెరిగే ప్రతి సెంటీమీటరూ కింది ఊరి ఆకాశాన్ని తినేస్తుంది. చెక్క దూలాలు పెడితే 9 అయ్యేది. బ్రాకెట్లు దగ్గరదగ్గరగా వేసి దూలాలు తీసేశాను.

ప్లైవుడ్ కోయగానే రెండు వైపులా, అంచులకు కూడా రంగు పట్టించాను. లోహపు పట్టా ఎండకు సాగుతుందని అందరూ జాగ్రత్తపడతారు. గది లోపల ఉండే మార్గానికి అసలు ఇబ్బంది కలప గాలిలోని తేమకు ఉబ్బడం, ఎండాక ముడుచుకోవడం. రంగు ఆ వేగాన్ని బాగా తగ్గిస్తుంది. పట్టాల అతుకుల దగ్గర సన్నని ఖాళీలు ఎలాగూ ఉంటాయి.

హెలిక్స్ లేచింది

ఇక్కడే ఆ 7 మి.మీ. ముందుకొచ్చింది. మామూలుగా వంపు ముక్కలను పక్కపక్కన ఆనించి, అతుకు కింద ఇంకో ముక్క అంటించి బిగిస్తారు. ఆ ముక్క 9 మి.మీ. మందమైతే కింద వెళ్ళే ఎత్తు వ్యాగన్ దానికి కొట్టుకుంటుంది. అందుకే 9 మి.మీ. పలక ఒకటి కాకుండా 4.5 మి.మీ. పలకలు రెండు పొరలుగా జిగురుతో అతికించాను. పై పొర అతుకులు ఒకచోట, కింది పొర అతుకులు ఇంకోచోట. మందం ఎక్కడా పెరగలేదు, ఎక్కడా మడత పడలేదు. వంపు కూడా నున్నగా వచ్చింది. ఈ పద్ధతికి క్లాంపులు ఎన్ని ఉన్నా చాలవు. జిగురు ఆరేదాకా ఓపిక పట్టాలి.

నిలబెట్టడానికి 8 మి.మీ. మర రాడ్లు. చుట్టూ ఎనిమిది చోట్ల, ఒక్కో చోట లోపల ఒకటి, బయట ఒకటి. పలక కింద ఒక నట్టు, పైన ఒక నట్టు, రెండింటికీ వెడల్పు వాషర్లు. ఎనిమిది చోట్లు కాబట్టి ఒక రాడ్డు దగ్గర నుంచి తర్వాతి రాడ్డుకు ఎక్కాల్సింది 11.9 మి.మీ. ఎం8 రాడ్డు మర ఒక చుట్టుకు 1.25 మి.మీ. కదులుతుంది, అంటే తొమ్మిదిన్నర తిప్పులు. ముందు రసమట్టంతో అడుగు పలకను సరిచేసుకుని, ఆ తర్వాత 95 మి.మీ. పొడవు చెక్క దిమ్మలు కొన్ని కోసుకుని, కింది చుట్టుకూ పై చుట్టుకూ మధ్య వాటిని నిలబెట్టి నట్లు బిగించాను. టేపుతో కొలవడం కన్నా దిమ్మ పెట్టి బిగించడం నమ్మకం. చివరి సవరింపుకు నట్టును పావు చుట్టు తిప్పితే మూడోవంతు మిల్లీమీటరు కన్నా తక్కువే కదులుతుంది. ఇంత సూక్ష్మంగా సరిచేసుకునే వీలు చెక్క దిమ్మల మీద నిలబెట్టే హెలిక్స్‌లో ఉండదు.

పట్టాకు 91 సెం.మీ. ఫ్లెక్స్ ట్రాక్ (చేత్తో వంచగలిగే పట్టా) ముక్కలు వాడాను. వంపులో వేసే ముక్కలను రెండేసి చొప్పున, నిటారుగా ఉన్నప్పుడే టంకం పెట్టి కలిపి, ఆ తర్వాతే వంచాను. విడివిడిగా వంచి కలిపితే అతుకు దగ్గర పట్టా నిటారుగా ఉండాలని చూస్తుంది, అక్కడ ఓ మూల తయారవుతుంది. చక్రం సరిగ్గా అక్కడే పట్టా మీదికెక్కి తప్పుతుంది. టంకం పెట్టిన జంటకూ జంటకూ మధ్య మాత్రం సన్నని ఖాళీ వదిలాను.

హెలిక్స్ మొదలయ్యే చోట వాలును ఒక్కసారిగా మొదలుపెట్టలేదు. సమతలం నుంచి 2 శాతానికి 60 సెం.మీ. నిడివిలో మెల్లగా వెళ్తుంది. పలక తనంతట తాను వంగే తీరునే వాడుకున్నాను: ఆ మేరకు ఎక్కడా కోయకుండా ఒకే పలక ఉంచి ఒక కొసను ఎత్తాను. లేకపోతే పొడవు వ్యాగన్ల కప్లింగులు ఒకటి పైకి, ఒకటి కిందికి జారి విడిపోతాయి. అడ్డంగా కూడా అంతే, నిటారు లైను నుంచి 75 సెం.మీ. వంపులోకి వెళ్ళేముందు వంపు క్రమంగా బిగుసుకునేలా గీశాను.

లోపలికి వెళ్ళే దారి కిందనుంచి. స్టేజింగ్ ఎత్తు 78.6 సెం.మీ. కాబట్టి వంగి దూరితే మధ్యలో లేచి నిలబడొచ్చు. లోపలి ఖాళీ 1.4 మీటర్లు, ఒక మనిషికి దిట్టంగా సరిపోతుంది. ప్రతి చుట్టు అంచుకూ బయట, లోపల ప్లాస్టిక్ పట్టీ కడుతున్నాను. పట్టాలు తప్పిన బండి ఎంత ఎత్తు నుంచి నేలమీద పడగలదో ఒకసారి కొలిచి చూస్తే ఈ పట్టీ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

తలుపు దగ్గర వంతెన

తలుపు దగ్గర రెండు డెక్‌లూ దారికి అడ్డం. వంగి దూరడం నాకు సమ్మతం కాదు, పెద్దవాళ్ళు వస్తారు. అందుకని రెండంతస్తుల పట్టాలనూ ఒకే ఉక్కు చట్రం మీద పెట్టి గేటులాగా తెరుచుకునేలా చేశాను. రెండు లైన్లూ ఆ చోట సమతలంగా ఉండేలా ముందే ప్లానులో చూసుకున్నాను. వాలులో కోసిన పట్టాలను ఎదురెదురుగా కలపడం చాలా చిక్కు.

పట్టా కొసలు గేటు అంచున మేకులతో నిలవవు. అక్కడ రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలను స్క్రూలతో బిగించి, పట్టాలను వాటికి టంకం పెట్టాను. రెండు పట్టాలకూ మధ్య రాగి పూతను గీసి తీసేయాలి, లేకపోతే షార్టు అవుతుంది.

గేటు తెరిచి ఉండగా బండి వస్తే? గేటు కింద ఒక మైక్రోస్విచ్, దానికి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్). గేటు కదిలీ కదలగానే రెండువైపులా 2.4 మీటర్ల మేర పట్టాలకు కరెంటు పోతుంది. ఇంజన్ ముందుంటే అరమీటరు చాలు. వెనక ఉండి వ్యాగన్లను నెట్టుకొస్తున్న ఇంజన్‌ను ఆపాలంటే మాత్రం బండి పొడవంతా కావాలి.

కరెంటు

నడిపే పద్ధతి డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. పట్టాల్లో ఎప్పుడూ ఒకే కరెంటు ఉంటుంది, ఏ ఇంజన్ ఏం చేయాలన్నది దానిలోనే సంకేతంగా వెళ్తుంది. 1935లో ఏర్పడిన, నమూనా రైళ్ళవాళ్ళ అమెరికా సంస్థ ఎన్‌ఎంఆర్‌ఏ, జర్మనీకి చెందిన లెంజ్ పద్ధతి ఆధారంగా 1990లలో దీన్ని ప్రమాణంగా తెచ్చింది. ఒకరి కంట్రోలరు ఇంకొకరి ఇంజన్‌లోని డీకోడరుతో మాట్లాడగలగడం ఆ ప్రమాణం పుణ్యమే.

తీగల మందం లెక్క చూడండి. బూస్టరు (పట్టాలకు కరెంటు పంపే పెట్టె) నుంచి దూరపు కొసకు 15 మీటర్లు, పోనూ రానూ 30. 1 చ.మి.మీ. రాగి తీగ అయితే 3 ఆంపియర్ల దగ్గర సుమారు 1.5 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 చ.మి.మీ. తీగకు పోయేది 0.6 వోల్టు. పట్టా లోహం రాగికన్నా చాలా ఎక్కువగా కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి పట్టాల మీద ఆధారపడకుండా ప్రతి ముక్కకూ విడిగా సన్న తీగ దించాను. ఆ తర్వాత నాణెం పరీక్ష: పట్టాలకు అడ్డంగా నాణెం పెడితే బూస్టరు వెంటనే కరెంటు ఆపేయాలి. ఎక్కడైనా ఆపకపోతే అక్కడ తీగ చాలడం లేదని అర్థం. ఆ చోట నిజంగా షార్టు అయితే వ్యాగన్ చక్రాలూ ప్లాస్టికూ కరిగే దాకా వెళ్తుంది. హెలిక్స్ అంతటా, ప్రతి పాయింటు దగ్గరా ఈ పరీక్ష చేశాను.

హెలిక్స్ పై భాగం పొడవు 15.3 మీటర్లు, ఒక్కో డెక్ మీది మెయిన్ లైను కన్నా ఎక్కువ. గంటకు 40 కి.మీ. వేగానికి సమానంగా నడిస్తే బండి సెకనుకు 12.8 సెం.మీ. కదులుతుంది. అంటే లోపలికి దూరిన బండి బయటికి రావడానికి రెండు నిమిషాలు. చాలామంది దీన్ని హెలిక్స్‌కున్న లోపంగా చూస్తారు. నాకైతే కింది ఊరికీ పై ఊరికీ మధ్య నిజంగా దూరం ఉన్నట్టు అనిపించేది ఈ రెండు నిమిషాల వల్లే. కాకపోతే లోపల బండి కదులుతోందో ఆగిపోయిందో నడిపే మనిషికి తెలియాలి. హెలిక్స్‌ను నాలుగు బ్లాకులు చేసి, కరెంటు వాడకాన్ని పసిగట్టే సర్క్యూట్లు పెట్టాను. బండి ఏ బ్లాకులో ఉంటే ముందు పలక మీద ఆ దీపం వెలుగుతుంది. బ్రేక్ వ్యాన్ ఇరుసుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు అతికించాను, అది కాస్త కరెంటు వాడుతుంది కాబట్టి బండి తోక కూడా బ్లాకు దాటిందని అప్పుడే తెలుస్తుంది.

లాగుడు పరీక్ష

కాగితం మీది లెక్క ముందు. ఇంజన్ బరువు 420 గ్రాములు, స్ప్రింగు కాటాకు కట్టి చూస్తే చక్రాలు జారే ముందు 95 గ్రాములు లాగింది. వ్యాగన్లన్నింటినీ ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు ప్రకారం తూకానికి తెచ్చాను: హెచ్‌ఓలో ఒక ఔన్సు, దానికి తోడు పొడవు అంగుళానికి అర ఔన్సు. ఆరంగుళాల వ్యాగన్‌కు నాలుగు ఔన్సులు, 113 గ్రాములు. పలక మీద పెట్టి మెల్లగా వాల్చితే 2 శాతం దగ్గర వ్యాగన్ తనంతట దొర్లుతోంది. అంటే సమతలం మీద దాన్ని కదిలించడానికి బరువులో 2 శాతం బలం కావాలి. హెలిక్స్‌లో 3.1 కలిపితే 5.1 శాతం, వ్యాగన్‌కు 5.8 గ్రాములు. ఇంజన్ తన బరువును తాను ఎక్కించుకోవడానికి 8.5 పోగా మిగిలిన 86 గ్రాములతో పద్నాలుగు వ్యాగన్లు. అదే సమతలం మీదైతే నలభై దాకా. 2 శాతం వాలంటే చెవికి చిన్నగా వినబడుతుంది గానీ వంపుతో కలిసి లాగే శక్తిలో మూడింట రెండు వంతులు మింగేస్తుంది.

హెలిక్స్‌లో పరీక్ష లెక్కను సమర్థించింది. పన్నెండు వ్యాగన్లు, బ్రేక్ వ్యాన్‌తో ఇంజన్ ఎక్కడా జారకుండా ఎక్కింది. మధ్యలో ఆపి మళ్ళీ కదిలిస్తే కూడా వెళ్ళింది. పద్నాలుగు వ్యాగన్లతో ఆగకుండా ఎక్కింది గానీ ఆపితే మళ్ళీ కదల్లేదు. పదిహేనో వ్యాగన్‌తో చక్రాలు తిరుగుతున్నాయే తప్ప బండి కదల్లేదు. పన్నెండే ఉంచుతున్నాను. పట్టాల మీద దుమ్ము పేరుకున్న రోజున కూడా బండి ఎక్కాలి కదా.

తేలిక వ్యాగన్‌ను ఇంజన్ వెనకే పెట్టి, బరువైనవి దాని వెనక కట్టి కూడా చూశాను. ముందునుంచి ఇంజన్, వెనకనుంచి బండి బరువు లాగుతుంటే మధ్యలోని తేలిక వ్యాగన్ వంపు లోపలివైపుకు ఒరిగి పట్టాలు తప్పుతుంది. అసలు రైళ్ళలోనూ ఇదే భయం ఉంటుంది. తూకం ఒకేలా ఉన్న వ్యాగన్లకు ఆ ఇబ్బంది రాలేదు. ఖాళీ ఫ్లాట్ వ్యాగన్లకు అడుగున సీసం ముక్కలు అతికించడం ఇంకా మిగిలి ఉంది.

దిగేటప్పుడు బండి బరువంతా ఇంజన్ మీదికి తోసుకొస్తుంది. కొన్ని ఇంజన్లు కుదుపుతో దిగుతున్నాయి. గేరు పెట్టెలో అటూఇటూ ఆడే ఖాళీ ఉన్నవాటికే ఇలా అవుతోంది. ఇరుసు కొసలకు సన్నని వాషర్లు వేసి ఒకదాన్ని సరిచేశాను. మిగతావి వరుసలో ఉన్నాయి.

ప్రస్తుతం పని ఎక్కడుందంటే

స్టేజింగ్ యార్డులో ఆరు లైన్లకు నాలుగు పూర్తయ్యాయి. హెలిక్స్ మొత్తం బండి నడిచే స్థితిలో ఉంది. కింది డెక్ మీద మెయిన్ లైను వేశాను, దక్షిణపు గోడ మీది ఊరికి లూపూ గూడ్సు షెడ్డు లైనూ వేయాలి. పై డెక్‌లో బ్రాకెట్లు మాత్రమే ఉన్నాయి. పట్టాలకన్నా ముందు దాని కిందివైపు తెల్లరంగూ ఎల్‌ఈడీ పట్టీలూ పూర్తి చేస్తాను. కింది డెక్ మీద దృశ్యాలు వేశాక నెత్తిమీద పని చేస్తే రంగూ రంపపు పొట్టూ అంతా కింది ఊళ్ళ మీదే పడతాయి. రెండంతస్తుల మార్గంలో పట్టాలు కిందనుంచి పైకి, రంగులూ లైట్లూ దృశ్యాలూ పైనుంచి కిందికి చేసుకుంటూ రావాలి.

హెలిక్స్‌లో గది మధ్యకు ఎదురుగా ఉన్న పావు భాగాన్ని మూసేయకుండా వదులుతున్నాను. 107 ఎత్తు నుంచి మొదలయ్యే మొదటి చుట్టు ఆ వైపు వచ్చేచోట రాతి తోరణాల వంతెన కడతాను, పై చుట్లను కొండలో దాస్తాను. బండి లోపలికి వెళ్ళాక ఒకసారి అక్కడ కనిపించి మళ్ళీ సొరంగంలోకి పోతుంది. తోరణాల అట్ట నమూనా కోసి పెట్టాను. తర్వాతి పని ఖాళీ ఫ్లాట్ వ్యాగన్ల తూకం, ఆ తర్వాత దక్షిణపు ఊరి పాయింట్లు.